మామగారి డిస్ట్రాయరు

మొన్న మధ్యాహ్నం గుంటూరులో మా అపార్ట్‌మెంటు లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. కరెంటు లేదు, జనరేటరులో డీజిలు లేదు. లోపల నేనూ, కరివేపాకు కట్టా, ఎదురింటి ఇంజనీరింగు పిల్లా. "ఐదు నిమిషాలండీ అమ్మగారూ" అని కిందనుంచి వాచ్‌మన్ అరుస్తూనే ఉన్నాడు. ఆ ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. పిల్ల మొహం పాలిపోయింది. ధైర్యం చెబుదామని నోరు తెరిస్తే, నా నోట్లోంచి ఇంగ్లీషువాళ్ళ యుద్ధనౌక చరిత్ర వచ్చింది. ఎక్కడ కట్టారు, ఎన్ని పొగగొట్టాలు, ఏ రేవులో ఎన్నాళ్ళుంది, ఎప్పుడు తుక్కు కింద అమ్మారు. "మీరు నేవీలో పనిచేశారా మామ్మగారూ?" అంది పిల్ల. లేదమ్మా, ఆ ఓడ మా అత్తవారింట్లో ఉండేది అన్నాను.

మా అత్తవారిది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. నల్లరేగడి, పత్తి, మిరప. సముద్రం చూడాలంటే బస్సెక్కాల్సిందే. అలాంటి ఊళ్ళో పుట్టిన మా మామగారు పద్దెనిమిదేళ్ళప్పుడు ఇంట్లో పోట్లాడి మద్రాసు పోయి, అక్కణ్ణించి కొలంబో రేవులో కూలిపనికి కుదిరారట. అంతలో మొదటి యుద్ధం వచ్చింది. చైనా వైపు నుంచి మధ్యధరా సముద్రానికి పోతున్న పాత డిస్ట్రాయరు ఒకటి అక్కడ ఆగింది. బాయిలర్లకు బొగ్గు వేసేవాళ్ళు చాలక రేవులో దొరికినవాళ్ళను ఎక్కించుకున్నారు. వాళ్ళలో ఈయనొకరు, దర్శి వైపు నుంచి వచ్చిన ఈయన స్నేహితుడొకరు. డిస్ట్రాయరంటే పెద్ద ఓడేమీ కాదనీ, పెద్ద ఓడల మీదికొచ్చే టార్పెడో పడవలను తరిమే సన్నపాటి ఓడ అనీ నాకు కాపరానికొచ్చిన మొదటి వారంలోనే తెలిసిపోయింది.

తెలియక ఛస్తుందా? మిరపకాయల కాలంలో ఆడవాళ్ళమంతా వసారాలో కూర్చుని తొడిమలు తీసేవాళ్ళం. చేతులు భగ్గున మండుతుంటాయి, ముక్కు తుడుచుకోవడానికి కూడా లేదు. సరిగ్గా అప్పుడే మామగారు కుర్చీ లాక్కుని వచ్చి ఓడ మొదలుపెట్టేవారు. కట్టిన ఊరు, మొదటి కెప్టెను, చైనా రేవులు, కొలంబో, సూయజ్ కాలువ, మాల్టా. ఎవరైనా మధ్యలో అడ్డుపడితే మళ్ళీ కట్టిన ఊరి దగ్గర్నుంచి ఎత్తుకునేవారు. అందుకని అడ్డుపడేవాళ్ళు కాదు. మా అత్తగారు ఆ ఓడను సవతి కింద జమకట్టి, దాని ఊసెత్తగానే మూతి తిప్పుకునేది. మాల్టా తర్వాత ఒక వాక్యాన్ని మాత్రం ఆయన గబగబా దాటించేసేవారు. "ఇంకో ఓడొచ్చి గుద్దింది, బాగుచేశారు, రెండు నెలల్లో మళ్ళీ సముద్రంలోకి వచ్చింది." ఆ పైన మళ్ళీ నిదానం.

ఆ ఇంట్లో ఏ తలుపుకూ గడియ ఉండేది కాదు. ఆయనకు గడియ పడితే ఊపిరాడదట. మా పెళ్ళయిన కొత్తలో మా గది తలుపు దగ్గరగా వేసి, వెనకాల ఇత్తడి బిందె పెట్టుకున్నాం. భోజనాల ముందు ఆయన అందరి తలలూ వేలితో లెక్కపెట్టేవారు. ఒకరు తక్కువైతే ముద్ద దిగేది కాదు. నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. కానీ నేను ప్రైవేటుగా బి.ఏ. కడుతున్నాను. పుస్తకం తెరిస్తే చాలు, ఎవరో ఒకరు తలుపు తోసుకొచ్చి ఏదో ఒక పని చెప్పేవాళ్ళు. అప్పటికే ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే పుస్తకాలు అటకెక్కాలని మా అత్తగారి షరతు. అన్ని తలుపులూ బార్లా తెరిచి ఉన్న ఆ ఇల్లు నాకు జైలనిపించేది. కుమిలి కుమిలి ఏడ్చేదాన్ని, అదీ అందరి ముందే, ఏడవడానికి కూడా చాటు లేక.

పరీక్షలు నాలుగు నెలలున్నాయనగా మామగారు పెదకాకాని గుడికి వెళ్ళారు. మిగతావాళ్ళు కళ్ళంలో కాయలు ఎండబెడుతున్నారు. నేను వడ్రంగిని పిలిపించి మా గది తలుపుకు ఇనప గడియ వేయించాను. బిగించుకుని కూర్చుని, ఆ పుస్తకం ముందు ఎంతసేపు ఊరికే నవ్వుకున్నానో నాకే తెలియదు. తర్వాత చదువులో పడ్డాను. కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. అత్తగారు పనికి పిలుస్తుందనుకుని పలకలేదు. మళ్ళీ తట్టారు. ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. అదే నేను చేసిన తప్పు. తలుపు మీద రోకలి దెబ్బలు పడ్డాయి. నాలుగో దెబ్బకు గడియ ఊడి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. గుమ్మంలో మామగారు. చెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది.

"లోపల ఎంతమందున్నారు?" అన్నారు.

"నేనొక్కదాన్నే మామయ్యగారూ."

ఆయన గోడకు ఆనుకుని కింద కూలబడ్డారు. డిస్ట్రాయరులో బాయిలరు గదికి ఫ్యాన్లతో గాలి కొడతారట, ఆ గాలి పోకుండా పైన మూత బిగించి ఉంచుతారట. ఇంకో ఓడ గుద్దినరోజు కింద ఐదుగురున్నారు. నీళ్ళు లోపలికొస్తున్నాయి, ఐదుగురూ పైకొచ్చాక మూత వెయ్యమని పైనున్న ఈయనకు ఆజ్ఞ.

"మొకాలన్నీ బొగ్గు, ఎవరు ఎవరో తెలవదు. ఒకడు పైకొచ్చి, మావాడి కోసం మళ్ళీ దిగాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. నేను వాణ్ణి రెండుసార్లు లెక్కపెట్టానమ్మాయ్. ఐదయ్యారని మూతేసి బిగించా. కింద నుంచి తట్టాడు. పిలిచా. తట్టాడు గానీ పలకలా. ఆ మూత మళ్ళీ తీస్తే ఓడే పోద్దన్నారు."

ఆ దర్శి స్నేహితుడి పేరు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆరోజు నాకు చెప్పారు. నేను ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఆయనే వడ్రంగిని తీసుకొచ్చి గడియ మళ్ళీ వేయించారు. షరతు ఒక్కటే: తాను పిలిస్తే నేను పలకాలి. ఆ నాలుగు నెలలూ మా గది బయట మంచం వేసుకుని పడుకున్నారు. పనికి పిలవడానికి వచ్చినవాళ్ళను కసిరి పంపేవారు. పావుగంటకోసారి మాత్రం "అమ్మాయ్" అనేవారు. "ఉన్నానండీ" అనేదాన్ని. చదువుతున్న వాక్యం కాస్తా తెగిపోయేది, నాకు ఒళ్ళు మండిపోయేది. కొన్నిసార్లు విసురుగా పలికాను. ఒక్కోసారి కావాలనే ఆలస్యం చేశాను. అప్పుడు మంచం కిర్రుమనేది, ఆయన లేచి నిలబడ్డారని తెలిసేది.

పరీక్ష నెగ్గాను, పంతులమ్మనయ్యాను. ఆ పిలుపు నా చదువుకు కాపలా అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన పిలిచింది నన్నొక్కదాన్నే కాదు. మూసిన తలుపు వెనక నుంచి "ఉన్నాను" అనే ఒక్క మాట కోసం ఆ మనిషి యాభై ఏళ్ళు ఎదురుచూశారు. ఆ సంగతి నాకు తెలిసిరావడానికి మరో అరవై ఏళ్ళూ, మొన్న మూసుకుపోయిన ఆ లిఫ్టూ కావలసివచ్చాయి.