గుడ్లు తిన్నది మా టైగర్ కాదు

ఇంకా పొలాలే ఉన్న గచ్చిబౌలిలో మా కోళ్లు గడ్డివాములో పెట్టే గుడ్లు కొన్నాళ్లుగా మాయమవుతున్నాయి. నాన్న మా కుక్క టైగర్ మీద నేరం మోపి గొలుసుతో కట్టేశాడు. రేపు దాన్ని మాదాపూర్‌లో కొత్త ఆఫీసు కడుతున్న చోట వాచ్‌మన్‌కి ఇచ్చేస్తానన్నాడు. డిగ్రీ చదివినా ఇంట్లో నా మాటకు విలువ లేదు కాబట్టి, ఈ ఉదయం చలిలో శాలువా కప్పుకుని గేదెల కొట్టం వెనక కాపు కాశాను.

మంచు పలచబడే వేళకు ఒక ముంగిస వచ్చింది. గుడ్డును ముందు కాళ్లతో పట్టుకుని, వెనక కాళ్ల సందులోంచి బండకేసి విసిరి పగలగొట్టింది. నేను పరుగున వెళ్లి నాన్ననూ నానమ్మనూ లాక్కొచ్చాను. రెండో గుడ్డు వాళ్ల కళ్ల ముందే పగిలింది.

నానమ్మ ముంగిసకు దండం పెట్టింది. "రోజూ పొద్దుగాల గిది కండ్లవడుతనే ఉన్నది. ముంగిస ఎదురైతే శుభం గద బిడ్డా, ఎందుకు ఎల్లగొట్టాలె?"

"అంటే దొంగను రోజూ చూస్తనే ఉన్నవా నానమ్మా?"

"దొంగ అనకే, కండ్లు పోతయ్."

నాన్న వెళ్లి గొలుసు విప్పాడు. టైగర్ పొలమంతా చుట్టి వచ్చి నా శాలువాను బురద చేసింది. ఏ పరీక్ష పాసైనప్పుడూ నాకింత గర్వం కలగలేదు.

మీ ఇంట్లోనూ దొంగకు దండం పెట్టేవాళ్లున్నారా?