గడ్డంలో చిక్కుకున్న మాట

మొన్న మా అమ్మని రాజమండ్రి పంపించేశానండీ. పంపాల్సింది తాడేపల్లిగూడెం. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, నేనేం అనుకోను. మా ఆవిడైతే ఇంకా ఆపలేదు.

మాది పెదపాడు, ఏలూరులో చేపల మేత కొట్టు. ఈసారి మాల వేసుకున్నాను కదా, నల్లబట్టలు, ఒట్టి కాళ్ళు, ఇక గడ్డమైతే ఏపుగా పెరిగింది. మీసం పెదాల మీదికి దిగిపోయి అన్నం తినేటప్పుడు అడ్డం పడేది. అద్దంలో చూసుకుంటే నాకు నేనే దణ్ణం పెట్టుకోవాలనిపించేది.

విడ్డూరమంతా మా అమ్మది. మామూలుగా నేను ఒకటంటే రెండనే మనిషి. అలాంటిది గడ్డం పెరిగేకొద్దీ మెత్తబడిపోయింది. ఏం చెప్పినా "సరే స్వామీ" అనడమే. కూరలో ఉప్పు తగ్గిందమ్మా అంటే సరే స్వామీ. టీవీ సౌండు తగ్గించమ్మా అంటే సరే స్వామీ, తగ్గించడం మాత్రం ఉండదు. ఇదంతా దీక్ష మహిమ అనుకుని నేను తెగ పొంగిపోయాను. ఇంట్లో మీ మాట చెల్లాలంటే మీరూ మాల వేసుకోండి అని కొట్టుకొచ్చిన వాళ్ళకి సలహాలు కూడా ఇచ్చాను.

ఇంతలో తాడేపల్లిగూడెంలో మా చెల్లికి పాప పుట్టింది. మా ఆవిడ సాయానికి ముందే వెళ్ళింది. అమ్మకేమో మనవరాలిని చూసేదాకా ముద్ద దిగట్లేదు. నేను తీసుకెళ్దామంటే, మాలలో ఉండగా పురిటింటికి వెళ్ళకూడదు. అందుకని ఏలూరులో నేను రైలెక్కిస్తే గూడెంలో బావగారు దింపుకునేట్టు మాట్లాడుకున్నాం. ఎంత దూరమండీ, గంట ప్రయాణం కూడా కాదు.

స్టేషన్లో అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టాను. ఈలోపు అదే ప్లాట్‌ఫాం మీదికి ఒక ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగింది. అది గూడెంలో ఆగదు, ఆగేది రాజమండ్రిలోనే. "ఇది మన బండి కాదమ్మా, ఎక్కకు, వెనకాల పాసింజరొస్తుంది, నేను వాటర్ బాటిల్ తెస్తాను" అని చెయ్యి ఊపుతూ మరీ చెప్పాను. అమ్మ "సరే స్వామీ" అంది. నేను బాటిల్ కొనుక్కుని తిరిగి చూసేసరికి బెంచీ ఖాళీ. రైలు కదిలింది. కిటికీలోంచి అమ్మ నాకు టాటా చెబుతోంది.

పరిగెత్తానండీ. ఆపండి, మా అమ్మ, మా అమ్మ అని అరుస్తూ ఒట్టి కాళ్ళతో ప్లాట్‌ఫాం పొడుగునా పరిగెత్తాను. ఒక్కరైనా చెయిను లాగమని అరుస్తారేమో అనుకున్నాను. అందరూ పక్కకి తప్పుకుని దారిచ్చి, చేతులు జోడించి "స్వామియే శరణం" అన్నారు. ఒకావిడైతే వాళ్ళ పాపని ఎత్తి చూపించింది.

ఫోన్ చేస్తే అమ్మ కట్ చేసింది. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్. ఎప్పుడూ అంతే, ఫోన్లో మాట్లాడదు. పిసినారితనం అనుకునేవాణ్ణి. అమ్మకి చదువు రాదు, బోర్డు చదవలేదు, ఒంటరిగా ఎప్పుడూ పెద్ద స్టేషన్లో దిగలేదు. ఏమైనా అయితే నా మొహం నేను చూసుకోగలనా? రాజమండ్రి వైపు వెళ్ళే తర్వాతి బండి ఎక్కేసి, తలుపు దగ్గర నిలబడి, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను.

భీమడోలు దాటాక తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. తెరమీద ఒకావిడ, పక్కన మా అమ్మ. ఆవిడ పేరు ఎస్తేరుగారు, వినికిడి లేని పిల్లల స్కూల్లో టీచరు. గూడెం ఆగకుండా వెళ్ళిపోతుంటే అమ్మ కంగారు పడి ఆవిడ భుజం పట్టుకుందట. అమ్మ ఫోన్లో నా నంబరు చూసి చేశారు.

"కంగారు పడకండి, నేను రాజమండ్రిలో దిగి మీరొచ్చేదాకా అమ్మగారితోనే ఉంటాను" అన్నారు. తర్వాత "ఏవండీ, అమ్మగారికి వినపడదని మీకు తెలుసా?" అని అడిగారు.

వినపడకపోవడమేంటండీ, మొన్నటిదాకా నాతో రోజూ పోట్లాడింది అన్నాను. ఆవిడ నవ్వి, మొదట తను మాస్కుతో మాట్లాడితే అమ్మ పలకలేదని, మాస్కు తీయగానే అన్నిటికీ జవాబు చెప్పిందని అన్నారు. వినేది చెవులొక్కటే కాదట. మనందరం తెలియకుండానే ఎదుటివాళ్ళ పెదాలు చూస్తూ వింటామట. చెవి అందుకోలేనిది కన్ను అందిస్తుందట. అమ్మకి చెవి బాగా తగ్గిపోయి, బరువంతా కన్ను మీదే పడింది. ఆ కంటికి నేను గడ్డం అడ్డం పెట్టాను.

రాజమండ్రిలో దిగేసరికి ఇద్దరూ బెంచీ మీద కూర్చుని, ఎస్తేరుగారి టిఫిన్ బాక్సులో పులిహోర తింటున్నారు. నాకు ఏడుపాగలేదు. ఎస్తేరుగారు అమ్మ అరచేతిని తీసి నా గొంతు మీద, బొటనవేలు దవడ మీద ఆనించి, ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడండి అన్నారు. గొంతు అదురు, దవడ కదలిక చేతికి తెలుస్తాయట. వాటికి కాస్త చూపు, మిగిలిన కాస్త వినికిడి తోడైతే చాలావరకు అందుతుందట.

"అమ్మా, ఎన్నాళ్ళ నుంచి వినపడట్లేదు?" అని అడిగాను.

అమ్మ కళ్ళు చిట్లించి చూసింది. రెండోసారి అడిగితే మొహం వెలిగింది. "రైసుమిల్లు పక్కన కాపురం ఉన్నప్పటి నుంచీ నెమ్మదిగా తగ్గుతూ వచ్చిందిరా. మీ మొహాలు చూస్తే తెలిసిపోయేది కదా, చెప్పడం దేనికిలే అనుకున్నాను."

మరి నేను చెయ్యి ఊపితే రైలెందుకెక్కావంటే, ఎక్కమని ఊపుతున్నావనుకున్నానంది. నెల నుంచి నా మాట ఒక్కటీ తెలియనప్పుడు ఒక్కసారైనా అనొచ్చు కదా అన్నాను.

"మాలలో ఉన్న బిడ్డని గడ్డం తీసెయ్యమని ఏ నోటితో అడగనురా?" అంది.

అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఎదురుగా నిలబడి "ఊఁ, ఇప్పుడు చెప్పు" అనేది ఇన్నేళ్ళూ. అది ముద్దు అనుకున్నాను, అవసరమని తెలియలేదు. ఎస్తేరుగారికి వంగి దణ్ణం పెట్టాను. ఆవిడ అయ్యో, మాలలో ఉన్నారు, నాకు పెట్టకూడదేమోనండీ అని వెనక్కి జరిగారు. పెట్టాల్సింది ఆవిడకేనండీ. ఆవిడ అందుకోవాల్సిన బస్సు ఎప్పుడో వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. దానిగురించి ఒక్క మాట అనలేదు. మేం రైలెక్కేదాకా నిలబడి, అమ్మని చెవుల డాక్టరుకి చూపించమని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

గూడెం వచ్చే పాసింజర్లో అమ్మ నా గొంతు మీద చెయ్యి తియ్యలేదు. నల్లబట్టల స్వామి, ఆయన పీక పట్టుకున్న ముసలావిడ. పెట్టెలో వాళ్ళందరూ మమ్మల్నే చూశారు. చివరికి ఎదురు సీటావిడ ఉండబట్టలేక అడిగిందట, "ఏవండీ, పాపం ఏం చేశారండీ ఆయన?" అని.

"ఏం చెయ్యలేదమ్మా. నెల రోజులయ్యింది మావాడి మాట విని. వింటున్నాను" అందట అమ్మ.

ఈ సంగతి గూడెంలో దిగేటప్పుడు ఆ ఎదురు సీటావిడే చెప్పింది. నాకెలా తెలుస్తుందండీ, అలసటకి కొవ్వూరులోనే నిద్రపోయాను. నేను గురక పెడుతుంటే, అమ్మ నిడదవోలు దాటేదాకా శ్రద్ధగా ఊఁ కొడుతూనే ఉందట.