చంటిబిడ్డ తల్లి ఉపవాసం

నా కూతురికి మూడు నెలలు నిండకముందే దగ్గు పట్టుకుంది. మెట్‌పల్లి డాక్టరు మందు రాసిచ్చాడు. జ్వరం తగ్గింది గాని దగ్గు పోలేదు, పిల్ల ఒళ్లు చేయలేదు. ఎవరినీ అడగకుండా ఇరవై ఒక్క రోజుల ఉపవాసం పట్టాను. మా చర్చిలో ఆడవాళ్లం కష్టం వస్తే ముందు చేసే పని అదే. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అన్నం ముట్టం. నేను ఇంకో మెట్టు ఎక్కి పగలు నీళ్లు కూడా మానేశాను. అసలే ఎండాకాలం.

దానికీ ఒక కారణముంది. నాతోపాటు బీడీలు చుట్టే మా చర్చి అక్క ఒకామె ఉపవాసం రోజు చాయ్ తాగుతుంది. "చాయ్ తాగినంక ఇంకేం ఉపవాసమక్కా?" అని ఒకసారి మొహం మీదే అన్నాను. "తాగకపోతె తలకాయ నొస్తది చెల్లె. నా తలకాయ సంగతి దేవునికి ఎర్కలేదా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆమె మొర కంటే నాదే దేవుడు ముందు వింటాడనుకున్నాను. పిల్ల ఇంకా దగ్గుతూనే ఉంది, నేను మాత్రం నా ఉపవాసం చూసి దేవుడు పిల్లను బాగుచేశాడని చర్చిలో నిలబడి చెప్పే సాక్ష్యం తయారు చేసుకున్నాను. ఆ రోజు ఏ చీర కట్టాలో కూడా చూసి పెట్టుకున్నాను. ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

అత్తమ్మ నాలుగో రోజు నుంచే సణుగుతోంది. ఆమె ధర్మపురి నరసింహస్వామిని మొక్కే మనిషి.

"శనివారం నేను గూడ ఒక్కపొద్దుంట. గని పాలిచ్చేటప్పుడు ఎన్నడన్న ఉన్ననా? జర గంజన్న తాగు పిల్లా."

"నీకు తెల్వదత్తమ్మా. నడుమ ఇడిస్తె దేవుడు ఇనడు."

"గంత అలిగే దేవుడా మీ దేవుడు?"

నేను బైబిలు తెరిచి కూర్చున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం పిల్ల ఏడిస్తే గొంతు రాలేదు. నోరు తెరిచింది, అంతే. పొద్దుటి నుంచి గుడ్డ తడవలేదని అత్తమ్మ గమనించింది. ఆటోలో జగిత్యాల పోయేంతసేపూ "ప్రభువా, పదకొండు రోజులు చేసిన, ఇంక పది చేస్త" అంటూ బేరమాడుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో నర్సు పిల్ల మాడు తాకి చూసింది. అక్కడ గుంట పడి ఉంది.

"పాలొస్తున్నయా?"

"ముందుగాల మస్తొచ్చేటియి. వారం సంది తక్కువైనయి."

"ఇయ్యాల ఏం తిన్నవ్?"

"ఉపవాసం, సిస్టర్."

"నీళ్లు?"

అత్తమ్మే చెప్పింది అంతా. నర్సు అరవలేదు. "పిల్ల కోసమని పిల్ల నోటికాడిదే ఆపినవా అమ్మా?" అని, పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది.

పాలు తగ్గడం కూడా పరీక్షే అనుకున్నాను నేను. ఓర్చుకుంటే దేవుడు మెచ్చుతాడనుకున్నాను.

వరండాలో కూర్చున్నాను. అత్తమ్మ ఇడ్లీలు తెచ్చింది. తింటే దేవుడు వదిలేస్తాడని భయం. తినకపోతే పిల్ల దక్కదని భయం. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. అన్నాళ్లూ నా ప్రార్థన "నేను ఇది చేశాను" అనే మొదలయ్యేది. అది తీసేస్తే నాకు ప్రార్థనే తెలియదు. కృప, కృప అని చిన్నప్పటి నుంచి పాడినదాన్ని. వట్టి చేతులతో అడగడం ఇంత భయమని ఎవరూ చెప్పలేదు. పిల్లను ఎండబెట్టింది నేనే. ఏ మొహంతో అడగాలి?

"నా మొకం చూడకు దేవా. నా ఉపవాసం చూడకు. నా తాన ఏం లేదు. ఊకెనే ఇయ్యి" అన్నాను.

మనసు తేలిక పడలేదు. అత్తమ్మ ఇడ్లీ ముక్క తుంచి నోటికి అందిస్తే ఏడుస్తూనే మింగాను. సీసాడు నీళ్లు తాగాను.

సాయంత్రం నర్సు, చేతికి సెలైన్ సూదితో ఉన్న పిల్లను నా ఒళ్లో పెట్టింది. పిల్ల గుంజింది, పాలు రాలేదు, వదిలేసింది.

"ఇడువకు. పిల్ల గుంజితెనే వస్తయి."

మళ్లీ పట్టించాను. ఈసారి దేవునికి ఏ మాటా ఇవ్వలేదు.

పిల్ల గుటక చప్పుడు నా చెవిన పడడానికి మూడో రోజు దాకా పట్టింది. ఆ మూడు రోజులూ మూడు పూటలా తిన్నాను, భయపడుతూనే.