తోటికోడలు పట్టిన తప్పు

మా తోటికోడలంటే నాకు కుళ్ళు. దీనికి ఇంకో మంచి మాట వెతకను. పలాసలో ఒకే ఇంట్లో, ఎదురెదురు గదుల్లో కూర్చుని ఇద్దరం ఒకే కంపెనీకి పని చేస్తాం. టీంలే వేరు. అక్కడ ఉద్యోగం ఉందని తనకి చెప్పింది కూడా నేనే, నా ఖర్మ.

తను తిన్న కంచం సాయంత్రం దాకా సింకులోనే ఉంటుంది. నిన్నటి చేపల పులుసు గిన్నెలోనే ఇవాళ ఇంకో నాలుగు ముక్కలు పడేసి మరిగించేస్తుంది. మా అత్త లొట్టలేసుకుని తిని "సిన్నదాని సెయ్యి పడితే ఆ రుసే వేరు" అంటుంది. గిన్నెలన్నీ తళతళా తోమిపెట్టే నా చెయ్యి మాత్రం ఎవరికీ కనిపించదు.

ఆమధ్య నా మీద పెద్ద నింద పడింది. మేం సర్వర్లని ఒక్కొక్కటీ చేత్తో అమర్చం. ఎలా ఉండాలో ఒక ఫైల్లో రాస్తాం, టూలు అది చదివి అలా నిలబెడుతుంది. మనం రాయకుండా వదిలేసిన చోట తన సొంత విలువ వేసుకుంటుంది. దాన్నే డిఫాల్టు అంటాం. బయటివాళ్ళకి తెరవాలా అన్నచోట దాని డిఫాల్టు 'తెరువు'. అలాంటిది పెట్టినవాణ్ణి ఏమనాలి! నేను 'వద్దు' అని స్పష్టంగా రాశాను. అయినా ఒక కస్టమరు సర్వరు లోకమంతటికీ తెరుచుకుని కూర్చుంది.

"ముందు రాయడం మరిచిపోయి, తరవాత చేర్చి ఉంటారు" అన్నాడు మా టీం లీడు. "టూలుదే తప్పయితే చిన్న ఫైలు మీద అదే తప్పు మళ్ళీ చేయించి చూపించండి. లేదంటే ఆ సర్వర్ల పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

వారమంతా అదే పని. ప్రతిసారీ పాత సర్వరు తీసేసి, ఫోల్డరు శుభ్రంగా ఊడ్చేసి, మొదటినుంచీ కట్టేదాన్ని. ప్రతిసారీ ఆ దరిద్రం బుద్ధిగా మూసుకునే ఉండేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక తోటికోడలు నా గుమ్మంలో నిలబడింది. "ఏటక్కా, మొకం అలాగెట్టీసేవు?"

ఏం లేదన్నాను. వంటింట్లోంచి అత్త అందుకుంది: "దానికి సెప్పొచ్చు కదే, అది సూత్తాది."

ఒళ్ళు మండిపోయింది. కానీ నా పని పోయేలా ఉంది, చెప్పక చస్తానా? చెప్పాను.

తను కుర్చీలో కాలు మడిచి కూర్చుని, జీడిపప్పు నములుతూ నా ఫైలు నడిపింది. సర్వరు మూసుకునే ఉంది. తరవాత ఫైల్లో సర్వరు పేరు మార్చి మళ్ళీ నడపబోయింది.

"పాతది తీసెయ్యవా?" అన్నాను.

"ఎందుకక్కా తీడం? దాని మీదే ఎక్కించీడమే."

ఎక్కించింది. "అక్కా! తెరుసుకుపోనాది!"

అదీ సంగతి. కొత్తగా కట్టేటప్పుడు టూలు నా మాట వింటోంది. ఉన్నదాన్ని ఏ కాస్త మార్చినా, నా 'వద్దు'ని అసలు రాయనట్టే లెక్కేసి తన డిఫాల్టు వేసుకుంటోంది. ఆ కస్టమరు సర్వరు కూడా నేనేదో చిన్నది మార్చినప్పుడే తెరుచుకుందన్నమాట. నింద పోతున్నందుకు సంతోషించాలా వద్దా? ముందు నా కడుపే రగిలింది. వారమంతా ఊడ్చి ఊడ్చి తప్పుని నేనే చెరిపేసుకున్నాను. దీని బద్ధకానికి అది ఒక్క దెబ్బకి దొరికింది.

మర్నాడు కాల్‌లో అది చేసి చూపించేసరికి లీడు అందరి ముందూ నాకు సారీ చెప్పాడు. "ఎలా పట్టుకున్నారు?" అని అడిగాడు. ఎదురుగది గుమ్మంలోంచి తను 'నా పేరు చెప్పకు' అని చెయ్యి ఊపుతోంది. ఆ మంచితనం చూస్తే ఇంకా మండింది. నీ దానం నాకెందుకమ్మా?

"మా తోటికోడలు పట్టుకుంది" అన్నాను గట్టిగా.

"అయితే రేపటినుంచి ఆవిణ్ణీ మీ టీంలోకి తీసుకుంటాను. ఆ సర్వర్లు ఇద్దరూ కలిసి చూసుకోండి."

స్పీకరు వంటింట్లోకి వినిపించింది కాబోలు. "మంచిదే" అంది అత్త. "సిన్నది పక్కనుంటే నీకూ పని వత్తాది."