దేవుడికి పట్టిన మొదటి నీళ్లు

మా ఇంటికి నీళ్లు తెచ్చే గొట్టం సీసంతో, అంటే లెడ్‌తో, చేసిందని నాకు మొదట చెప్పింది డోరతీ ఆంటీ. ఒషావా ఊళ్లో మా పాత ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. వీధిలోంచి వచ్చే గొట్టమూ ఒక్కటే.

అప్పటికే నాకు ఒంట్లో బాగుండడం లేదు. ఒకరోజు పొద్దున హారతి పళ్లెం ఎత్తబోతే చెయ్యి లేవలేదు. పళ్లెం దించేసి అక్కడే కూర్చుండిపోయాను. ఆ తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పి, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. హిమోగ్లోబిన్ తక్కువుందని డాక్టర్ గారు ఐరన్ మాత్రలిచ్చారు. వేసుకున్నా ఓపిక రాలేదు.

ఒకనాడు వాకిట్లో రైలింగ్ పట్టుకుని నిలబడితే డోరతీ ఆంటీ చూశారు.

"పొద్దున్నే కుళాయి కాసేపు వదిలేశాకే నీళ్లు పట్టుకుంటావు కదూ?"

"లేదాంటీ, మొదటి నీళ్లు దేవుడికి."

ఆవిడ చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేశారు. "అయ్యో హనీ! ఈ ఇళ్లలో మొదటి నీళ్లు డ్రెయిన్‌కి. రాత్రంతా లెడ్ పైపులో నిలవున్న నీళ్లవి!"

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. నాన్నగారే ఇంట్లో చదువూ పూజా నేర్పారు. తెల్లవారి ఎవరూ కుళాయి ముట్టకముందు పట్టిన నీళ్లతోనే మా ఇంట్లో అభిషేకం, తీర్థం, నైవేద్యానికి వంట. ఉపవాసం రోజుల్లో నేను రోజంతా తాగేది ఆ నీళ్లే. ఆ ప్రసాదమే మా ఆరేళ్ల మేఘన లంచ్ బాక్స్‌లోకి వెళ్లేది.

డాక్టర్ గారితో ఈ మాట చెప్పగానే నాకూ మేఘనకూ రక్తంలో లెడ్ ఎంతుందో చూసే టెస్ట్ రాశారు. ఇద్దరికీ ఎక్కువే వచ్చింది. "మీది మెల్లిగా తగ్గుతుంది. నా కంగారు పాప గురించి. తన బ్రెయిన్ ఇంకా ఎదుగుతోంది" అన్నారావిడ. నా నొప్పి సంగతి నేను ఆ క్షణమే మర్చిపోయాను.

కారులో మేఘన అడిగింది: "అమ్మా, డజ్ గాడ్ నీడ్ ఎ బ్లడ్ టెస్ట్ టూ?" మా వారు నవ్వాపుకోలేక కారు పక్కకి తీశారు. నాకూ నవ్వొచ్చింది, కళ్లనీళ్లతోనే.

ఆ రోజు నుంచి నీళ్లన్నీ మరిగించడం మొదలుపెట్టాను. నీళ్లు మంచివి కావంటే మనకు తెలిసిన మందు అదే కదా. మళ్లీ టెస్ట్ చేస్తే పాప లెవెల్ ఇంకా పెరిగింది.

"ఇంట్లో ఏం మార్చారు?"

"బాగా కాచి ఇస్తున్నానండీ."

డాక్టర్ గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మరిగిస్తే క్రిములు చస్తాయి. లెడ్ చావదు. నీళ్లు ఆవిరై పోయేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది."

ఇంటికొచ్చి గిన్నె బోర్లించేశాను. లెడ్ తీసేదని పెట్టె మీద స్పష్టంగా రాసున్న ఫిల్టర్ బిగించాం. గొట్టం మార్పించే దాకా ఊరుకోకూడదనుకున్నాను.

పని చేసేవాళ్లొచ్చి చూశారు. గొట్టం డోరతీ ఆంటీ వాకిట్లో లైలాక్ పూల చెట్టు కిందుగా పోతోంది. వేళ్లు దాన్ని చుట్టేసుకున్నాయి, చెట్టు తియ్యకుండా కుదరదన్నారు. ఆ చెట్టు ఆవిడ భర్త ఫ్రాంక్ గారు పెళ్లైన కొత్తలో నాటింది. ఆయన పోయాక రోజూ దాని పక్కనే కూర్చుని ఆవిడ కాఫీ తాగేవారు. అడగడానికి నాకు నోరు రాలేదు. "మాకు ఫిల్టర్ చాల్లెండి ఆంటీ" అని చెప్పి వచ్చేద్దామని వెళ్లాను.

ఆవిడ నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. "నా పిల్లలూ ఆ నీళ్లే తాగారు. అప్పుడు ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు. రంపం తెమ్మను." నేను ఏడుస్తుంటే వీపు మీద తట్టారు. "ఊరుకో. ఎలాగూ ఫ్రాంక్ దాన్ని వంకరగానే నాటాడు."

చెట్టు కొట్టేస్తున్నంతసేపూ ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

కొత్త రాగి గొట్టం వేశాక కూడా కొన్నాళ్లు ఫిల్టర్ నీళ్లే తాగాం. పాప లెవెల్ నెమ్మదిగా దిగింది. మొన్నటి రిపోర్ట్ చూసి డాక్టర్ గారు "ఇక నాకు బెంగ లేదు" అన్నారు. ఆ మాట విన్నాక ఇంకే వరమూ అడగాలనిపించలేదు. నాకూ ఓపిక వచ్చింది. హారతి పళ్లెం ఒక చేత్తో ఎత్తుతున్నాను. మొదటి నీళ్లు ఇప్పుడు పూలకుండీలకు, ఆ తర్వాతివి దేవుడికి. ఆయన ఏమీ అనుకోలేదు.

మీకు చెప్పేది ఒక్కటే. పాత ఇంట్లో ఉంటే, బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నా సరే, నీళ్ల గొట్టం ఇంట్లోకి వచ్చే చోట నాణెంతో మెల్లిగా గీకి చూడండి. మెత్తగా ఉండి వెండిలా మెరిస్తే అది సీసమే కావచ్చు, వెంటనే మున్సిపాలిటీకి ఫోన్ చేసి నీళ్లు టెస్ట్ చేయించండి.

లైలాక్ మొద్దు పక్కన ఈ వసంతంలో పిలకలు వచ్చాయి. వాటిని చూడడానికి డోరతీ ఆంటీ ఇంట్లో లేరు. తుంటి ఆపరేషన్ అయి హాస్పిటల్‌లో ఉన్నారు. రేపు పొద్దున కుళాయి తిప్పి, రాత్రంతా నిలవున్న నీళ్లు పోయి వీధిలోంచి చల్లటి నీళ్లు వచ్చేదాకా మీరు నిలబడే ఆ కాసేపూ ఆవిడను తలుచుకోండి.