లిఫ్టులో తెలుగు

గురుగ్రామ్‌లో మా ఫ్లాటు పదిహేడో అంతస్తులో. కిందికి దిగేలోపు లిఫ్టులోకి కనీసం నలుగురైనా ఎక్కుతారు. వాళ్లెవరికీ తెలుగు రాదు. మా అమ్మాయికి ఐదేళ్లప్పటి నుంచీ అదే మా ఇద్దరి రహస్యం.

"ఈయన కంటే ముందు ఈయన సెంటు ఎక్కిందే," అనేదాన్ని, మొహం మాత్రం దేవుడి పటం ముందు నిలబడ్డట్టు పెట్టి. అది నా చున్నీలో మొహం దూర్చి కిసకిసా నవ్వేది. ఆ అంకుల్ "క్యా హువా, బేటా?" అని ముచ్చటపడి అడిగితే ఇంకా నవ్వేది. నాకు నోటి దురుసని మా అత్తగారి దగ్గర్నుంచి సొసైటీ సెక్రటరీ దాకా అనని వాళ్లు లేరు. ఆ నోటిని చూసి మురిసిపోయిన మనిషి ఇదొక్కతే.

ఇప్పుడు దానికి పదిహేనేళ్లు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, గదికి గడియ. తిన్నావా? ఠీక్ హై, మమ్మా. పరీక్షెలా రాశావు? ఠీక్ హై. "తిన్నావా అంటే ఠీక్ హై ఏమిటే, అదేం జవాబు?" అని నేను దెబ్బలాటకు దిగినా అది దిగదు. నాతో వాదించని మనిషితో ఎలా బతకాలో నాకెవరూ నేర్పలేదు.

దీపావళి సెలవుల్లో ఒక సాయంత్రం మాత్రం తనంతట తనే వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. ముగ్గురు స్నేహితురాళ్లు దీన్ని వదిలేసి ఫోన్లో వేరే గ్రూపు పెట్టుకున్నారట. పాత గ్రూపులో ఇది ఏం రాసినా జవాబు లేదట. "చూశారని తెలుస్తుంది అమ్మా, నీలం టిక్కులు వస్తాయి," అంది. అమ్మా అంది, మమ్మా కాదు. మాటలు వెతుక్కుంటూ, మధ్యమధ్య ముక్కు చీదుకుంటూ, మొత్తం తెలుగులోనే చెప్పింది. దాని బాధ వింటూ కూడా లోపల్లోపల నేనెంత పొంగిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

మర్నాడు విజయవాడ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ దానికి చెప్పాను. చెప్పడమంటే నేను ఊరికే చెప్తానా? ఆ ముగ్గురి గొంతులూ అనుకరించాను. దీని ముక్కు చీదడం కూడా. చెల్లెలు పడీపడీ నవ్వింది. అమ్మాయి ఎదురుగా డైనింగ్ టేబుల్ దగ్గరే ఉంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో. వినపడదనుకున్నాను.

అది ఒక ఇయర్‌ఫోన్ తీసింది. "ఇందులో పాట ఏం లేదు," అంది.

"పిన్నితో చెప్తే ఏమైందే? పరాయిదా?" అన్నాను వెంటనే. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకా పెద్దదవుతుంది.

"పిన్ని నవ్వింది. నువ్వు నవ్వించావ్." రెండో ఇయర్‌ఫోన్ కూడా తీసి, "ఇప్పుడు నేను కూడా లిఫ్ట్ అంకుల్‌నా అమ్మా?" అంది.



అదే చివరి అమ్మా. క్షమించమని అడిగితే "ఇట్స్ ఓకే, మమ్మా," అంది. రెండు నెలలైంది. చెల్లెలు ఫోన్ చేసి పిల్ల కబుర్లడిగితే "దానికే చేసి అడుగు," అంటున్నాను. "నీకేమైందక్కా, నోరు పడిపోయిందా?" అంటుంది.

నిన్న పొద్దున అమ్మాయిని స్కూలు బస్సెక్కించడానికి దిగుతున్నాను. తొమ్మిదో అంతస్తులో ఆంటీ కుక్కతో ఎక్కింది. కుక్కకు ఎర్ర స్వెటర్, ఆవిడకూ ఎర్ర స్వెటర్. "అరే బేటా, ముఖం మీద ఇన్ని మొటిమలేంటి? ఏమీ రాయవా?" అంది హిందీలో. నా నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. లిఫ్టు అద్దంలో అమ్మాయి నా వైపు చూసింది, ఒక్క క్షణం. ఆ చూపు అనమందో, వద్దందో నాకు తెలియలేదు. ఇదివరకైతే తెలిసేది.

నోరు మూసుకున్నాను.

కింద తలుపు తెరుచుకుంది. "నువ్వు రావద్దులే. బై, మమ్మా," అని హిందీలో అనేసి గేటు వైపు నడిచింది.

తిరిగి పైకి వస్తుంటే లిఫ్టులో ఎవరూ లేరు. "ఎవరి స్వెటర్ ఎవరు తొడుక్కున్నారే?" అన్నాను అద్దంతో. మాట బాగానే కుదిరింది. చున్నీ కొస చేత్తో పట్టుకుని పదిహేడో అంతస్తు దాకా నిలబడ్డాను.