సొరపాదు మొదట్లో రెండు సీసాలు

ఇప్పపువ్వు వాసన నాకు పడదని ఆఫీసులో అందరికీ చెప్పాను. అది అబద్ధం. నిన్న మధ్యాహ్నం పక్క సీటు అక్క ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చి డబ్బా మూత తీసింది. ఎండిన పువ్వుల తీపి, అందులో కలిసిన కొద్దిపాటి పులుపు ముక్కుకు తగలగానే నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. నాకిచ్చిన లడ్డూను కాగితంలో చుట్టి సొరుగులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పని మాట ఒకటి నాలో ఉంది. పదేళ్లుగా డైరీ రాస్తున్నాను, అందులోనూ రాయలేదు. పదో తరగతి పరీక్షలప్పుడు మా ఇంట్లోని సారాను సొరపాదు మొదట్లో పారబోసింది నేను.

మాది బూర్గంపాడుకు లోపలగా, అడవి అంచున ఉన్న చిన్న పల్లె. అమ్మ నాకంటే పద్దెనిమిదేళ్లే పెద్ద. బడికి వస్తే మా అక్క అనుకునేవాళ్లు. ఎండలు మొదలయ్యే రోజుల్లో మా వంతు ఇప్పచెట్ల కింద ఆకులు ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేసి వచ్చేవాళ్లం. పొద్దున వెళ్లేసరికి ఆ నల్లటి నేల మీద లేత పసుపు పువ్వులు రాలి ఉండేవి. అమ్మ ఏరుతుంటే నేను పక్కన కూర్చుని చదవాలి. ఇంట్లో పుస్తకాలు లేవు. బజ్జీలు కట్టిన కాగితాలను, బెల్లం పొట్లాలను అమ్మ విప్పి, చేత్తో సాపు చేసి నా సంచిలో పెట్టేది.

"ఏం రాసిండ్రు బిడ్డా?"

"ఒకామె బస్సెక్కిందట. పక్క సీట్ల ముసలాయన ఆమెను చూసి..."

"చూసి?"

"గంతే అమ్మా. కాగితం చిరిగింది."

"చిరిగితే ఏంది? ఆయన ఆమె మేనమామ. చిన్నప్పుడు తప్పిపోయిండు. చెవి మీద మచ్చ చూసి గుర్తువట్టింది."

"చెవి సంగతి ఇండ్ల లేదమ్మా."

"ఎందుకు లేదు? నూనె మరక కింద ఉంది, మంచిగ చూడు."

మూడో తరగతితో బడి మానేసిన మనిషి ఆమె. ఇప్పుడు నేను ఏ కథ చదివినా, ఆఖరి పేజీ తర్వాత కాసేపు ఆగి, అమ్మ అయితే ఇంకేం కలిపేదో అనుకుంటాను.

నాకు పన్నెండేళ్లప్పుడు తమ్ముడు పుట్టి మూడో రోజునే పోయాడు. అమ్మకు పాలు ఆగలేదు, నిద్ర రాలేదు. నాయనమ్మే స్టీలు గ్లాసులో ఇంత ఇప్పసారా పోసి ఇచ్చింది. "తాగు కోడలా, ఒళ్లు గుంజుడు తగ్గుతది, నిద్ర పడ్తది" అంది. నాయనమ్మను తప్పు పట్టలేను. ఆమెకు తెలిసిన వైద్యం అది. కానీ అమ్మ ఆ గ్లాసు మళ్లీ దించలేకపోయింది. మొదట సాయంత్రాలు, తర్వాత అన్నానికి ముందు, ఆ తర్వాత పువ్వులేరే బుట్టలోనే సీసా. చెట్టు కింద పడి నిద్రపోయేది. ఆమె చీర మీద రాలిన పువ్వులను నేనే ఏరేదాన్ని. కాగితాలు దాచడం మరిచిపోయింది.

ఒకసారి తూలుతూ బడికి వచ్చింది. ఆడపిల్లలు నవ్వుతుంటే, "మా అమ్మ కాదు, పక్కింటామె" అన్నాను. ఆమె విన్నది. ఇంటికి నడిచేటప్పుడు, వాగు దాటాక, "పక్కింటామె ఆకలైతుందంటుంది, నీ సంచిల బిస్కెట్లు ఉన్నయా?" అంది. నవ్వించడానికే అంది. నేను నవ్వలేదు.

పదో తరగతి పరీక్షలు సోమవారం మొదలు. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అటక మీద అమ్మ సీసా, దాని పక్కనే ముత్యాలమ్మ తల్లికని నాయనమ్మ తీసిపెట్టిన సీసా ఉన్నాయి. కొత్త పువ్వు సారా అమ్మవారికి పోసేదాకా మా ఇంట్లో ఎవరూ ముట్టరు. కానీ ఒకటే పారబోస్తే అమ్మ రెండోది తాగేస్తుంది. అందుకని రెండూ ఒంపేశాను. సారా లేకపోతే జబ్బు పోతుందనుకున్నాను.

సాయంత్రం నాయనమ్మ ఖాళీ సీసాలతో వాకిట్లో నిలబడింది.

"అమ్మవారి సీసా ఎవరు ముట్టిండ్రు? ముట్టినోళ్లను ఆ తల్లి ఊకనే ఇడుస్తదా? చెప్పుండ్రి!"

అమ్మ సొరపాదు వైపు చూసింది. తర్వాత, తడి మట్టి అంటిన నా పాదాల వైపు చూసింది.

"నేనే పారబోసిన అత్తమ్మా. తాగుడు మానాల్నని."

"మానాల్నంటే ఆ తల్లిది పారబోస్తవానే? అయితే కంకణం కట్టుకో. శుక్రవారం గుడికి పోయేదాక చుక్క ముట్టొద్దు."

అమ్మ చేయి చాపింది. నాయనమ్మ పసుపు దారం కట్టింది. "మంచిగైంది, గిట్లనన్నా మానుతది" అన్నాడు నాన్న. నాకూ సంతోషమే వేసింది. అది దాచను.

ఆదివారానికి అమ్మ చేతులు వణకడం మొదలైంది. ముద్ద నోటిదాకా పోలేదు. చీర చెమటతో తడిసిపోయింది. గోడ మీద చీమలు పాకుతున్నాయని కొంగుతో దులుపుతూ కూర్చుంది. గోడ మీద ఏమీ లేదు. నేను నిజం చెబితే నాయనమ్మ కంకణం విప్పేది, ఒక గుటక తెప్పించి పోసేది. నాలుగైదుసార్లు లేచాను. మళ్లీ పుస్తకం ముందు కూర్చున్నాను.

సోమవారం నేను తెలుగు పరీక్ష రాస్తుండగా అమ్మకు ఫిట్స్ వచ్చాయట. ఆటోలో గోదావరి దాటించి దవాఖానాకు చేర్చేసరికే అయిపోయింది. "గంత తాగే మనిషిని ఒక్కసారి ఎవరు ఆపమన్నరు? దవాఖానాల పెట్టి మెల్లగ మాన్పియ్యాలె గదా" అన్నాడట డాక్టరు. ఆ మాట చెప్పి నాన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. దినం నాడు భోజనాల వరుసలో ఆడవాళ్లు, "అమ్మవారిది పారబోసింది, తల్లి ఊకుంటదా మరి" అనుకున్నారు. నేను వాళ్ల విస్తళ్లలో పప్పు వడ్డిస్తున్నాను. అప్పుడూ చెప్పలేదు. మా ఊళ్లో ఈనాటికీ అమ్మను ఆ మాటతోనే తలుచుకుంటారు.

అందుకే ఈ రాత్రి ఇది డైరీలో కాకుండా విడి కాగితాల మీద రాశాను. ఎవరైనా చదవాలని. అమ్మ చెప్పిన మాట నేను దాటడం ఇదే మొదలు.

ఆ సోమవారం పొద్దున గడప దగ్గర, "అమ్మా, నాయనమ్మకు చెప్పేస్తా" అన్నాను. అమ్మ పసుపు దారం ఉన్న చేత్తో నా నోరు మూసింది. ఆ వేళ్ల వణుకు నా పళ్లకు తగిలింది.

"ఏం చెప్పకు. ఎవరడిగినా అమ్మనే పారబోసింది అను. పో బిడ్డా, బస్సు పోతది."